నాయన బూట్లు బిగుతైన ఏడాది

దసరాకు అల్లుడికి బట్టలు పెట్టాలి. "బట్టలు బీరువా నిండా ఉన్నాయి అత్తయ్యా, పెట్టేదేదో మంచి తోలు బూట్లు పెట్టండి" అని నోరు తెరిచి అడిగాడు. మొహమాటం లేని అల్లుడు దొరకడం కూడా అదృష్టమే. నేనూ, అమ్మాయీ, అతనూ కలిసి నరసరావుపేటలో అద్దాల తలుపులున్న బూట్ల దుకాణం ఒకదానికి వెళ్ళాం.

దుకాణం మనిషి అట్టపెట్టె మూత తీసి పల్చటి కాగితం మడతలు విప్పాడు. కొత్త తోలు వాసన గుప్పుమంది. అల్లుడు కుడికాలు దూర్చి, తాడు కట్టుకుని, లేచి నిలబడి అటూ ఇటూ నడిచి, "కొంచెం బిగుతుగా ఉన్నాయి" అన్నాడు.

ఆ మాట వినగానే నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. కుర్చీలోంచి లేచి, నేల మీద గొంతుక్కూచుని, అతని మేజోడు కిందికి లాగి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కాను. అత్త అల్లుడి కాలు పట్టుకోవడమనేది మా వైపు ఎక్కడా లేదు. దుకాణంలో వాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. "అమ్మా! ఏంటిది?" అని అమ్మాయి నా భుజం పట్టుకు లాగుతోంది. అల్లుడు పాపం కాలు వెనక్కి తీసుకోవాలో అక్కడే ఉంచాలో తెలియక బిగుసుకుపోయాడు. నేను వేలు తీసి చూశాను. గుంట పడలేదు. చర్మం వెంటనే మామూలైపోయింది. "ఏం లేదు. ఇంకో సైజు చూపించు బాబూ" అంటూ లేచాను. మోకాళ్ళు పట్టేశాయి గానీ ప్రాణం కుదుటపడింది.

ఇంటికొచ్చాక అమ్మాయి నిలదీసింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. దానికి మా నాయన అంటే గోడ మీద ఫోటో. ఆ ఫోటో నడుము దాకానే ఉంటుంది. ఆయన కాళ్ళ సంగతి దానికేం తెలుస్తుంది?

మాది మాచర్ల దగ్గర ఒక పల్లె. అక్కడ నేల తవ్వితే రాయి, గోడ రాయి, ఇంటికప్పు రాయి. అరుగులూ వీధిలో బాటా అన్నీ నాపరాళ్ళే. వేసవి మధ్యాహ్నం ఆ బండల మీద ఉత్తకాళ్ళతో వీధి దాటాలంటే గంతులేసుకుంటూ పోవాలి. అయినా ఊళ్ళో చాలామందికి చెప్పులుండేవి కావు. ఉన్నవాళ్ళవి పాత లారీ టైరు కోసి మేకులు కొట్టినవి. అవి ఎంత బరువంటే, కుక్కను కొట్టడానికి రాయి వెతుక్కోనక్కరలేదు.

నాయన ఆ నాపరాళ్ళను మద్రాసు చేరవేసే లారీ డ్రైవరు. లారీ ఆయనది కాదు, మాచర్ల షావుకారుది. వెళితే వారమో పది రోజులో కనబడేవాడు కాదు. ఎంత దూరమైనా ఉత్తకాళ్ళతోనే నడిపేవాడు. "క్లచ్చి మాట కాలికి వినపడాలి" అనేవాడు. ఇంజను వేడికి ఆయన అరికాళ్ళు కాలి కాలి మొద్దుబారిపోయాయి. నేను చీపురుపుల్లతో గీకినా ఆయనకు చక్కిలిగిలి పుట్టేది కాదు.

మద్రాసులో రాళ్ళు దించే చోటికి వెనక సందులో బూట్లు కుట్టే దుకాణం ఒకటి ఉండేదట. కూలీలు రాళ్ళు దించుతున్నంతసేపూ నాయన వెళ్ళి ఆ దుకాణం ముందు నిలబడేవాడట. ఎన్ని ట్రిప్పులు అలా నిలబడ్డాడో ఆయనకే తెలియాలి. ఒకరోజు ముసలి మేస్త్రీ "లోపలికి రావయ్యా, గుమ్మానికి అడ్డం" అన్నాడట. అలా వెళ్ళిన మనిషి కొలతలిచ్చి వచ్చాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు అందరం తుమ్ముతూనే ఉన్నాం. అమ్మ జొన్నరొట్టె వేసి గోంగూర పచ్చడి పెట్టింది. నాయన తింటూ, ఊళ్ళో ఎవరికీ తెలియని రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"ఏమే, నా కాళ్ళు రెండూ ఒకటి గావంట."

అమ్మ పెనం మీద నుంచి తలెత్తి, "అదేందయ్యా, కుంటుతున్నావా?" అని కంగారుపడింది.

"కుంటడం గాదే. తెల్లకాగితం మీద కాలు పెట్టిచ్చి చుట్టూతా పెన్సిలుతో గీసిండు. టేపు పెట్టి మడమ కొలిసిండు, పైన కొలిసిండు. ఎడమకాలు కొంచెం పెద్దదంట. అందరికీ అట్టానే ఉంటదంట. దేనికది వేరేగా కుడతాడంట!"

నాయనమ్మ గడప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. "నీ కాళ్ళు కన్నదాన్ని నేను. నన్నడిగితే చెప్పనా? దానికి మద్రాసు దాకా పోవాల్నా?" అంది. నాయనమ్మ నోటికి అందకుండా ఆ ఇంట్లో ఈగ కూడా తిరిగేది కాదు.

తరువాతి ట్రిప్పుకు బూట్లు వచ్చాయి. ఖరీదెంతో నాయన ఎవరికీ చెప్పలేదు. అమ్మ కూడా అడగలేదు. అట్టపెట్టెలో అరవ పేపరు చుట్టి ఉన్నాయి. ఆ కొక్కేల్లాంటి అక్షరాలు చూసి నేను నవ్వుకుంటుంటే నాయన పేపరు విప్పాడు. చింతపండు కొత్తలో ఉండే రంగు. అంచు చుట్టూ చీమలు బారు కట్టినట్టు తెల్లదారం కుట్టు. అడుగు కూడా తోలే, టైరు కాదు, రబ్బరు కాదు. లోపలి తోలు లేతగా, చెవి వెనక చర్మంలా మెత్తగా ఉంది. నేను ఒక బూటు తీసుకుని మొహానికి ఆనించుకున్నాను. మైనం, నూనె, కొత్త జీనుగుడ్డ కలిసినట్టు ఏదో వాసన. అంత మంచి వాసన మా ఇంట్లో అంతకుముందు లేదు.

"గొడ్డుతోలు మూతికి పెట్టుకుంటావేందే, దరిద్రం!" అని నాయనమ్మ కసిరింది. తోలు గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదని తీర్మానించింది. నాయన వాకిలి పక్క గోడలో ఒక రాయి ఊడదీసి గూడు చేశాడు. బూట్ల మకాం అక్కడ.

అప్పటి నుంచి ఆయన ఊళ్ళోకి రావడమే ఒక తతంగమైంది. లారీని మాచర్లలో అప్పజెప్పి, బస్సులో వచ్చి కాలువ దగ్గర దిగేవాడు. సాగర్ కాలువ నీళ్ళలో కాళ్ళు రుద్ది కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళ సందులు తుడుచుకుని, సంచిలోంచి బూట్లు తీసి తొడుక్కుని, అప్పుడు ఊళ్ళోకి అడుగు పెట్టేవాడు. నాపరాళ్ళ మీద తోలు అడుగు టక్కు టక్కుమని మోగేది. ఆ చప్పుడు వినగానే నేను ఎక్కడున్నా పరుగెత్తేదాన్ని. కూడలిలో టీ కొట్టు దగ్గర ఆయన్ని ఆపేవాళ్ళు. ఒకరు వంగి చూసేవాళ్ళు, ఇంకొకరు కాలు ఎత్తమని అడుగు చూసేవాళ్ళు. మంగలి మామ అయితే చేతి వెనకవైపు పెట్టి నిమిరి, "మనిషి చెంప గూడా ఇంత నునుపు రాదు బావా" అన్నాడు. నాయన బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, పైకాలు నెమ్మదిగా ఆడిస్తూ టీ తాగేవాడు.

"కాలు మీద కాలేసుకుంటేనే టీ దిగుద్దేమో దొరగారికి" అని నాయనమ్మ ఇంటి దగ్గర నుంచే కేకేసేది. ఆయన నవ్వేవాడు. నాకు తెలిసి ఆయన జీవితంలో తనకోసం కొనుక్కున్న వస్తువు అదొక్కటే.

పాలిష్ పెట్టడం నాకు నేర్పాడు. ముందు మెత్తటి గుడ్డతో దుమ్ము దులపాలి. పాలిష్ గోరంత తీసుకుని గుండ్రంగా రుద్దాలి. కాసేపు ఆగాలి. "ఆగడం దగ్గరే అందరూ పాడుచేస్తరు అమ్మడూ" అనేవాడు. తరువాత బ్రష్షు, ఆ తరువాత నోటితో హా అని ఆవిరి పట్టి పాత పంచె ముక్కతో తుడవాలి. తడిస్తే నీడలో ఆరబెట్టాలి, పొయ్యి దగ్గరికి తీసుకుపోకూడదు. నాకు లెక్కలు రాకపోయినా ఇవన్నీ నోటికి వచ్చాయి. ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో బూట్లు విప్పే హక్కు నాది. తాడు ముడి లాగి, మడమ పట్టుకుని, ఊపి లాగితే బూటు "ఫుస్సు"మని వచ్చేది. మేజోడు లాగేస్తే చెమటా తోలూ కలిసిన వెచ్చటి వాసన. దాన్ని కంపు అని అమ్మ ముక్కు మూసుకునేది. నాకది నాయన వచ్చిన వాసన.

వానాకాలంలో బూట్లు బిగుతయ్యాయి.

మొదట ఆయనే చెప్పాడు. ఒంగోలు దగ్గర లారీ బురదలో దిగబడితే సంచితో సహా బూట్లు తడిశాయట. అప్పటి నుంచి పట్టేస్తున్నాయట. అందరూ అదే కారణమనుకున్నాం. ఊళ్ళో తలా ఒక మాట చెప్పారు. మద్రాసు తోలుకు మన వాన పడదని ఒకరు, మంచి తోలయితే ముడుచుకుంటుందా, ఏదో మేకతోలు అంటగట్టి ఉంటాడని ఇంకొకరు. మాచర్ల బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత బూట్లు పట్టుకు చూసి, "తోలన్నాక ముడుచుకుంటది నాయనా, సాగదీద్దాం" అని కొయ్యకాలు లోపల బిగించి ఆముదం రాసి రెండు రోజులు ఉంచాడు. కొంచెం నయమనిపించింది. మళ్ళీ బిగుతు. నాయనకు ఒళ్ళు మండిపోయింది. తరువాతి ట్రిప్పులో ఆ ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, "నమ్మిన మనిషికి ఇట్టాటి తోలు పెడతావా?" అని సందంతా వినపడేలా తిట్టి వచ్చాడట. మేస్త్రీ బూట్లు తిప్పి తిప్పి చూసి, ఏమీ తోచక, "నా పనిలో ఎక్కడ తేడా వచ్చిందో తెలియడం లేదు" అని తల పట్టుకున్నాడట.

చివరికి నాయనమ్మ రంగంలోకి దిగింది. అంతవరకు బూట్లను ముట్టని మనిషి, కొడుకు కుంటుకుంటూ కూడలికి వెళ్ళడం చూడలేకపోయింది. "శనగలు నానేస్తే రోలు పగులుద్ది. తోలు సాగదా?" అంది. పాత రైక గుడ్డ రెండు సంచులుగా కుట్టి, వాటిలో తడిపిన శనగలు పోసి, బూట్లలోకి కూరి, తాళ్ళు బిగించి కట్టమంది. కట్టింది నేనే. తెల్లారి చూస్తే శనగలు ఉబ్బి బూట్లు పొట్టగా తయారయ్యాయి. కోళ్ళు గూట్లోకెక్కి తాళ్ళు పీకుతున్నాయి. నేను వాటిని తోలుతూ పడీ పడీ నవ్వాను. నాయన తొడుక్కుని రెండడుగులు వేసి, "అమ్మో, మా అమ్మ ముందు మద్రాసు మేస్త్రీ ఎందుకు పనికొస్తాడు!" అన్నాడు. నాయనమ్మ మొహం వెలిగిపోయింది. ఆ శనగలను పారేయడానికి అమ్మకు మనసొప్పక గేదెకు పెట్టింది. తోలు వాసనకు గేదె కూడా ముందు వద్దంది.

మళ్ళీ పదిరోజులకు బిగుతు. మళ్ళీ శనగలు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో శనగలు నానుతూనే ఉన్నాయి. తాడు ముడి వేయడానికి కొస మిగలడం లేదు. అయినా మేము బూట్లనే చూశాం. బూట్లకే వైద్యం చేశాం.

నాయన ఒళ్ళు చేశాడని ఊరంతా అంది. పొద్దున లేచేసరికి మొహం నిండుగా, కళ్ళ కింద ఉబ్బుగా ఉండేది. "మద్రాసు తిండి ఒంటికి పట్టింది మీ ఆయనకి" అని పక్కింటి పెద్దమ్మ అంటే అమ్మ పైకి విసుక్కుని లోపల మురిసిపోయింది. అంతకుముందు ఆయన ఎముకల గూడు. నడుంనొప్పికని ఏళ్ళ తరబడి డ్రైవర్లంతా మింగే బిళ్ళలు ఆయనా మింగేవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేవి. అలాంటి మనిషికి కండ పడితే ఎవరికి సంతోషం కాదు?

ఇక నా ఆట. సాయంత్రం ఆయన నులకమంచం మీద పడుకుంటే నేను కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. మేజోడు తీసినచోట చుట్టూ గీత పడి ఉండేది. ఒకరోజు ఊరికే వేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీసినా పోలేదు. అందులో నీటి చుక్క వేస్తే నిలబడింది. నాకది గొప్ప వింత. నా కాలు మీద నొక్కుకుంటే అలా పడదే! అప్పటి నుంచి అదే ఆట. నేను నొక్కాలి, ఆయన పాట పాడాలి, పాట అయిపోయేలోగా గుంట పూడితే ఆయన గెలిచినట్టు, పూడకపోతే నేను గెలిచినట్టు. మొదట్లో ఆయన గెలిచేవాడు. పోను పోను నేనే గెలుస్తూ వచ్చాను.

"మీ నాయన పిండిముద్దయిపోయిండే" అని నవ్వేవాడు. నేను గెలిచానని మంచం చుట్టూ గంతులేసేదాన్ని. అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసి నవ్వేది. అంత హాయిగా మేం ముగ్గురం నవ్విన సాయంత్రాలు తరువాత మళ్ళీ లేవు. ఇన్నేళ్ళయినా వాటిని సంతోషమైన రోజుల్లో కలపాలో, వేరే ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

దసరా సెలవుల్లో సాగర్‌లో ఏదో కట్టడానికి రాళ్ళు కావాల్సి వచ్చి నాయనకు విజయపురి సౌత్ దాకా లోడు తగిలింది. డ్యామ్ చూపిస్తానని అమ్మనూ నన్నూ లారీలో ఎక్కించుకున్నాడు. ఆ రోజు కూడా బూట్లు సంచిలో పెట్టుకున్నాడు. రాళ్ళు దించాక వాటిని తొడగబోతే కాలు సగం కూడా దూరలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్ళతో మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లకే ఆగి రొప్పాడు. పెదాలు నల్లబడ్డాయి. అమ్మ కేకలు వేస్తే అక్కడ పనిచేసే కాలవల ఉద్యోగి ఒకాయన వచ్చి, దగ్గర్లోని ఆసుపత్రికి నడిపించుకుపోయాడు.

డాక్టరు వయసులో చిన్నవాడు. గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. కళ్ళ కింద చూశాడు. తరువాత పంచె పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది.

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "నేనైతే ఇంకా లోతు పడేట్టు నొక్కుతా" అన్నాను.

డాక్టరు నావైపు చూశాడు. "ఈ ఆట ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నావమ్మా?" అని అడిగాడు.

"వానలప్పటి నుంచి. నేనే గెలుస్తున్నా" అన్నాను.

ఆయన అమ్మవైపు తిరిగి మూత్రపిండాలు పాడయ్యాయనీ, ఒంట్లో నీరు చేరుతోందనీ, ఆలస్యం చేయకుండా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పాడు. జేబులో బిళ్ళలు చూసి వాటిని ఇంక ముట్టవద్దన్నాడు. అమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఆమె చూపు మాత్రం నాయన చేతిలో ఉన్న బూట్ల మీద ఉంది.

తిరుగు ప్రయాణంలో కూడా లారీని నాయనే మెల్లగా నడిపాడు. మాచర్ల దగ్గరపడుతుండగా నోరు విప్పాడు.

"అయితే తోలు ముడుచుకోలేదన్నమాట."

అమ్మ ఏడుస్తూనే, "ఇప్పుడు తోలు గోలేందయ్యా" అంది.

"అది గాదే. బూట్ల తప్పేం లేదు. ఆ పెద్దాయన్ని అనరాని మాటలన్నా. పాపం తల పట్టుకు కూసున్నడు. ఒకసారి పోయి చెప్పి రావాలి" అన్నాడు. ఆయన గొంతులో నిజంగా ఊరట ఉంది. తన ఒళ్ళు పాడైందన్న దిగులు కన్నా తన బూట్లు మంచివేనన్న సంతోషం ముందు వచ్చింది ఆ మనిషికి. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది.

గుంటూరులో కొన్నాళ్ళు ఉంచుకుని పంపారు. ఈ రోజుల్లోలా అప్పుడు రక్తం శుద్ధి చేసే యంత్రాలు మాబోటివాళ్ళకు అందుబాటులో లేవు. నీరు తీసే మాత్రలిచ్చి ఉప్పు మానేయమన్నారు. పల్నాడు మనిషిని ఉప్పు మానమనడం ఎంత మాట! చప్పటి జొన్న సంగటి, చప్పటి పప్పు. ఊరమిరపకాయ జాడీ మూత తీసి వాసన చూసి మళ్ళీ మూత పెట్టేవాడు. అమ్మా, నాయనమ్మా కూడా ఉప్పు మానేశారు. నాకు మాత్రం విడిగా వేసిపెట్టేవారు. నేను తినలేక వదిలేసేదాన్ని. లారీ మరొకరి చేతికి వెళ్ళిపోయింది. మద్రాసు వెళ్ళి ఆ మేస్త్రీకి చెప్పడం కుదరనే లేదు.

మాత్రలు బాగానే పనిచేశాయి. ఒంట్లో నీరు దిగిపోయింది. చలికాలం చివర్లో ఒక ఉదయం నాయన మంచం మీద కూర్చుని, "అమ్మడూ, బూట్లు తే" అన్నాడు. పాలిష్ పెట్టి తెచ్చాను. కాలు సునాయాసంగా దూరిపోయింది. "పట్టినయ్యి! నాయనమ్మా, పట్టినయ్యి!" అని నేను అరిచాను. నాయనమ్మ పరుగున వచ్చి అక్కడే దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది. అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

నిజానికి అవి పట్టలేదు. వదులయ్యాయి. మేమే వాటిని అంత సాగదీశాం. ఇప్పుడు వాటిలో ఉన్నది ఎముకా తోలూ మిగిలిన కాలు. నాయన ముందుకు ఒక అడుగు వేస్తే బూటు వెనకే ఉండిపోయింది. నాయనమ్మ అది చూసి లోపలికి వెళ్ళి, పరుపులోంచి దూది పీక్కొచ్చింది. కొడుకు ముందు కూర్చుని, తోలు అంటుకోని ఆ మనిషి, బూట్లలో చేయి పెట్టి దూది సర్దింది. తాళ్ళు కూడా తనే కట్టింది. నాయన నా భుజం పట్టుకుని కూడలి దాకా నడిచాడు. బల్ల మీద కూర్చుని టీ తాగాడు. కాలు మీద కాలు వేసుకోవడానికి ఓపిక లేకపోయింది. "మాట చెప్తున్నా వినండి, ఇంత సుఖమైన బూట్లు ఈ జిల్లాలో లెవ్వు" అన్నాడు. వాళ్ళంతా అవునవునన్నారు. ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు.

ఎండలు ముదిరాక మాత్రలు పనిచేయడం మానేశాయి. పదిరోజుల్లో అంతా అయిపోయింది.

ఎత్తుకెళ్ళే వేళకు సూర్యుడు నడినెత్తి మీద ఉన్నాడు. నాయనమ్మ గూట్లోంచి బూట్లు తీసుకొచ్చి, "ఇయ్యి వాడి కాళ్ళకు తొడగండిరా" అంది. నాయనకు అన్న వరసయ్యే పెదనాన్న ఆమెను పట్టుకుని నెమ్మదిగా నచ్చజెప్పాడు.

"తోలుతో పంపగూడదు పిన్నీ. పెద్దదినం నాడు చెప్పులూ గొడుగూ దానమిస్తం గదా. వాడు పోయే దారంతా ఎండా ముళ్ళూ అంట. ఆ దానం వాడి కాళ్ళకే చేరుద్ది."

"పెద్దదినం పదకొండో నాడు గదరా" అంది నాయనమ్మ. "వాడు పోయేది ఇయ్యాళ. అందాకా ఉత్తకాళ్ళతో నడుస్తడేందిరా నా బిడ్డ?"

ఉత్తకాళ్ళతోనే తీసుకెళ్ళారు.

మర్నాటి నుంచి నాయనమ్మ నీడన కూర్చోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి వాకిట్లో కాలే బండల మీదికి వెళ్ళి ఉత్తకాళ్ళతో నిలబడేది. అమ్మ చేయి పట్టుకుని లోపలికి లాగితే విదిలించుకునేది. "వాడు ఎండన బడి పోతుంటే నేను చల్లగా కూసుంటనా?" అనేది. అరికాళ్ళు బొబ్బలెక్కి పగిలాయి. అమ్మ ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చింది. పెదనాన్న కోప్పడ్డాడు. వినలేదు. నేను బిందెతో నీళ్ళు తెచ్చి ఆమె చుట్టూ బండల మీద పోస్తే, "పోయమాక. వాడికెవరు పోస్తరు?" అంది.

పెద్దదినం నాడు దానానికని ఎవరో కొత్త రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చారు. నాయనమ్మ వాటిని పక్కకు నెట్టి బూట్లు తెచ్చి పెట్టింది. అయ్యగారు కాసేపు తటపటాయించి సరేనన్నాడు. దూది బయటికి కనిపిస్తోందని అమ్మ తీయబోతే, "తీయమాక. వదులైతయ్యి వాడికి" అని ఆపింది.

నాకిప్పుడు అప్పటి నాయనమ్మ వయసు దాటింది. దానాల మీద, పై లోకాల మీద నాకు నమ్మకం అప్పుడూ పెద్దగా లేదు, ఇప్పుడూ లేదు. ఆ లోకం గురించి ఎవరెంత చెప్పినా నవ్వి ఊరుకుంటాను. ఆ ఒక్క రోజు సంగతి ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే మాత్రం ఊరుకోలేను.

మంత్రం పూర్తయి, అయ్యగారు బూట్లు అందుకుని పక్కన పెట్టుకున్నాడు. నాయనమ్మ అంతసేపూ ఎండలోనే నిలబడి చూసింది. తరువాత గోడ పట్టుకుని, పగిలిన కాళ్ళతో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, వసారా నీడలో కూలబడింది. మంచినీళ్ళు అడిగింది. నేను చెంబు అందిస్తే గటగటా తాగి మూతి తుడుచుకుంది.

"ఈపాటికి తొడుక్కునుంటడు" అంది.